జెండా ఎత్తినవాడు

వాలీ జెండా ఎత్తాడు. గోలు చెల్లలేదు.

అది కొట్టింది అతని సొంత జట్టే. మ్యాచ్ ముగియబోతోంది, సీజన్‌లో అదే ఆఖరిది. ఆ గోలు నిలిస్తే పై డివిజన్‌కి వెళ్ళేవాళ్ళు.

వులొంగాంగ్ ఊరి చుట్టుపక్కల చిన్న ఫుట్‌బాల్ లీగుల్లో, గీత పక్కన జెండా పట్టే లైన్స్‌మన్‌ని ఏ క్లబ్బుకి ఆ క్లబ్బే తెచ్చుకోవాలి. అలా వచ్చినవాడు తన జట్టు తప్పు చూడకూడదు. ఇది ఎక్కడా రాసి లేదు, అందరూ పాటిస్తారు. సిగ్గులేని రూలు.

కోచ్ డీన్ గీత దాటి వచ్చాడు.

"ఏం తాతా, కళ్ళు పోయాయా?"

"బాగానే ఉన్నాయి. గోలు కొట్టిన జారెడ్ ఆఫ్‌సైడ్‌లో ఉన్నాడు, బంతి ఇచ్చేసరికే డిఫెండర్లందర్నీ దాటి నిలబడ్డాడు."

"ఉంటే? అవతలి క్లబ్బు లైన్స్‌మన్ మనకేం చేశాడో చూశావుగా?"

"చూశాను. అది వాడి జెండా. ఇది నాది."

సాసేజీలు కాల్చే పొయ్యి దగ్గర నుంచి ఎవడో అందుకున్నాడు. "ఇంగ్లండు ముసలాడు అమ్ముడుపోయాడ్రా."

"వాణ్ణెవడు కొంటాడ్రా? ఊరికే ఇచ్చినా బరువే."

అందరూ నవ్వారు. డీన్ చెయ్యి చాచాడు.

"జెండా ఇటివ్వు. వచ్చే సీజన్ నుంచి రానక్కర్లేదు."

"శనివారాలు నేనెక్కడికి పోను, డీన్?"

"బీచ్‌కి పో. అక్కడి పక్షులకి ఆఫ్‌సైడ్ చెప్పుకో."

వాలీ జెండా ఇచ్చేశాడు.

మా క్లబ్బంటే కుటుంబం అని చెప్పుకునే ఆ జనంలో ఒక్కడికీ అతని ఇంటిపేరు తెలియదు.

మరుసటి సీజన్‌లో కొన్ని శనివారాలు కంచె అవతల నిలబడి చూశాడు. తర్వాత కనిపించలేదు. ఎవరూ అడగలేదు.

ఒకరోజు డీన్‌కి ఫోన్ వచ్చింది. వాలీ గది యజమాని.

"ముసలాయన పోయాడు. నా అనేవాళ్ళు ఎవరని అడిగితే మీ క్లబ్బు పేరే చెప్పేవాడు."

డీన్ వెళ్ళాడు. శవపేటిక దగ్గర పాస్టరు కాక ఒక్క మనిషే ఉంది, నెరిసిన జుట్టామె.

"మీ బంధువా అమ్మా?"

"కాదు. నా పేరు జానిస్. మా నాన్న ఇంగ్లండులో లైన్స్‌మన్. ఈయన అక్కడ నాలుగో డివిజన్‌లో డిఫెండర్."

"ఆడేవాడా? మాకెప్పుడూ చెప్పలేదే."

"ఏమని చెప్పుకుంటాడు? ఒక మ్యాచ్‌లో ఆఫ్‌సైడ్ కాదని తెలిసీ ఆఫ్‌సైడ్ అని చెయ్యెత్తాడు. ఆ చెయ్యి చూసి నాన్న జెండా ఎత్తాడు. అవతలి జట్టు గోలు పోయింది. ఇతన్ని ఊరంతా భుజాల మీద మోసింది. నాన్న లంచం తిన్నాడన్నారు, మళ్ళీ జెండా పట్టనివ్వలేదు. ఆ మాటలు పడలేక మేం ఓడెక్కి ఇక్కడికొచ్చేశాం."

"మరి ఈయన?"

"ఆట వదిలేసి, క్షమాపణ చెప్పుకోవడానికి మా వెనకే వచ్చాడు. నాన్న పోయేదాకా తలుపు తీయలేదు, ఈయనా తిరిగి వెళ్ళలేదు."