పదిహేను జతల బూట్లు

"పదిహేను జతలు. ఒక్క జత తగ్గినా బలద్ రూటు బంద్. నీకు ఖురూజ్" అన్నాడు ఇష్తియాక్.

ఖురూజ్ అంటే వీసా రద్దయి ఇండియాకు, మళ్ళీ తిరిగిరాని ప్రయాణం. డ్రైవర్ మొండయ్య తలూపి బస్సెక్కాడు.

ఇష్తియాక్ బస్సుల కంపెనీ సూపర్‌వైజరు. జిద్దాలోని ఆ ఇండియన్ స్కూలు ఆడపిల్లల గేటు ముందు రోజూ నిలబడి, బస్సు దిగేవాళ్ళను లెక్కపెడతాడు. పద్ధతైన మనిషి. పరాయి ఆడవాళ్ళ వంక చూడడు. తల వంచుకుని, ఒళ్ళంతా కప్పే అబాయాల కింద నల్ల బూట్లు లెక్కపెట్టుకుంటాడు. గురువారం దాకా లెక్క నిలిస్తే మొండయ్యకు ఇకామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, రెన్యువల్ అవుతుంది. పరీక్షల దాకా రూటూ ఉంటుంది.

ఒకప్పుడు బలద్ పేట నుంచి వచ్చే ఆ బస్సులో నలభై రెండు మంది. మలయాళీలు, బిహారీలు, హైదరాబాదీలు, జగిత్యాల వాళ్ళు. కుటుంబంలో తలకింత అని సర్కారు లెవీ మొదలయ్యాక ఒక్కొక్కరే ఇండియాకు తిరిగిపోయారు. ఏదో ఒక సందు ముందు సోఫా, ఫ్రిజ్ అమ్మకానికి బయటపడేవి. నాలుగు రోజులకు ఆ స్టాపులో ఎవరూ ఉండేవారు కాదు. మొండయ్య అలవాటుగా హారన్ కొట్టి, కాసేపు ఆగి, కదిలేవాడు.

"రూటు బందైతే నా టెన్త్ ఏమైతది అంకుల్?" అని అడిగింది ముందు సీట్లోని సృజన. "డాడీ డ్యూటీ ఎక్కడో దూరంగ యాన్బూ ఊర్ల. ఈడ అమ్మ కారు నడపరాదాయె. స్కూల్‌కు ఎట్ల రావాలె?"

"గురువారం దాకా ఆగుదాం బిడ్డా. పదిహేను మంది ఉంటె చాలంట."

"లేకుంటె?"

మొండయ్య గేరు మార్చాడు.

ఆ మర్నాటి నుంచే బస్సులో ఏదో మారింది.

ఆడపిల్లల బస్సు కాబట్టి లోపలి అద్దాన్ని ఆయన పైకప్పు వైపు తిప్పి ఉంచుతాడు. పిల్లల్ని గొంతుల్ని బట్టే గుర్తుపడతాడు. ఇప్పుడు సగం సీట్లలో గొంతు లేదు. కిటికీ కోసం తగువు లేదు. దుమ్ము అని చెప్పి చాలామంది ముఖాలు కూడా కప్పుకుంటున్నారు. ముసుగుల్లో ఏడుస్తున్నారేమో అనుకున్నాడు. ఎక్కేటప్పుడు మెట్టు మీద నిట్టూర్పులు. దిగేటప్పుడు కుంటుతున్నట్టు నడక. ఒకరోజు బస్సంతా అమృతాంజనం వాసన.

సందుల్లో సోఫాలు బయటపడుతూనే ఉన్నాయి. లెక్క మాత్రం పదిహేను దగ్గర ఆగిపోయింది. దానికే ఆయనకు ఎక్కువ భయమేసింది. ఉన్నట్టుండి అందరూ ఒకేసారి పోతారనిపించింది.

బుధవారం వెనక సీట్లో గుసగుస వినిపించింది.

"రేపటితో అయిపోతది గదా?"

"ష్! ఆయన వింటడు."

ఆ రోజు ఎవరో మొండయ్య సీటు పక్కన కాగితంలో నాలుగు ఖర్జూరాలు పెట్టి పోయారు. పోయేవాళ్ళు పెట్టినవనుకుని తినలేకపోయాడు.

గురువారం. ఆఖరి స్టాపుకు వచ్చేసరికి పద్నాలుగు మందే. హారన్ కొట్టాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ కొట్టాడు. సందు చివర ఒక సోఫా తలకిందులుగా పడి ఉంది.

"అంకుల్, రెండు నిమిషాలాగు. నీకు దండం పెడత" అంది సృజన.

టైమ్ దాటుతోంది. మొండయ్య బ్రేకు మీద నుంచి కాలు తీయబోయాడు. అప్పుడు సందులోంచి ఒక నల్ల అబాయా పరుగులాంటి నడకతో వచ్చింది. రెండు చేతులా కడ్డీ పట్టుకుని, రొప్పుతూ ఎక్కింది.

గేటు ముందు ఇష్తియాక్ తల వంచుకుని లెక్కపెట్టాడు. పన్నెండు. పదమూడు. పద్నాలుగు. చాలాసేపటికి, పదిహేను.

"నసీబున్నోడివి" అన్నాడు, కాగితం మీద సంతకం చేస్తూ.

అందరూ లోపలికి వెళ్ళాక వెనక సీట్లో ఒక స్కూలు సంచి మిగిలిపోయి కనిపించింది. పుస్తకాలున్నంత బరువు లేదు. మొండయ్య తీసుకెళ్ళి గేటు ఇనుప తలుపు తట్టాడు. తలుపులోని చిన్న కిటికీలోంచి స్కూలు ఆయా మదార్బీ చెయ్యి చాపింది.

"ఎవరో పిల్ల మర్శిపోయింది మదార్బీ. పాపం, పాఠానికి కష్టమైతది."

"ఇట్లియ్యి మొండయ్యా, నేనిస్తాలే. నువ్వు పోయి చాయ్ తాగు" అంటూ మదార్బీ నవ్వాపుకుని కిటికీ మూసింది.

ఇనుప తలుపు అవతలి నీడలో, వెళ్ళిపోయిన పిల్లలు విడిచిపోయిన బిగుతు బూట్లు విప్పి పక్కన పెట్టుకుని, ఆఖరి బెల్లు దాకా ఒలవాల్సిన చిక్కుడుకాయల సంచి కోసం లెక్క కోసం పిల్లల్లా దిగొచ్చిన ఏడుగురు తల్లులు, ఒక అమ్మమ్మ ఎదురుచూస్తున్నారు.