పన్నెండు రంగుల పెట్టె

"ఎవరి పెన్ను వాళ్ళ ముందుందిగా! అందరికీ ఆ నల్ల పెన్నే ఎందుకు?"

ఇలింకా గొంతు పెరిగింది. పెరిగిందని తనకే తెలిసి కిటికీ వైపు తిరిగింది.

కుర్చీల ఫ్యాక్టరీ క్యాంటీన్లో పదకొండు మంది కార్మికులు గుండ్రంగా కూర్చున్నారు. ముసలి వడ్రంగి ఓనుఫ్రేయి జేబులోంచి తన నల్ల పెన్ను తీసి, చీటీ మీద అచ్చులో వేసినట్టు ఒక్కో అక్షరం విడివిడిగా రాసి, పెన్నును అప్పటికే పక్కనున్న సవేతా చేతిలో పెట్టేశాడు.

"బాబాయ్, ఇలా ఒకరి తర్వాత ఒకరు రాస్తే ఎప్పటికవుతుంది? నాలుగింటికల్లా డైరెక్టరు గారికి చీటీలూ హాజరుపట్టీ ఒకే కవర్లో పెట్టి ఇవ్వాలి."

"అలవాటమ్మా. నా పెన్ను బాగా రాస్తుంది."

ఎవరో కిసుక్కున నవ్వారు.

పొద్దుటి నుంచీ ఇదే వరస; నవ్వులే తప్ప అసలు సంగతి ఎవరూ ఎత్తరు. మార్చిలో రంపం మిషను ఒకతని మూడు వేళ్ళు తెగ్గోసింది. ఎందుకో చెప్పబోయిన దోరు అనే కార్మికుణ్ణి గేటు దగ్గర సంచులు వెతికే పనికి మార్చేశారు. ఇవాళ కూడా ఎవరూ నోరు విప్పకపోతే ఆ మిషను అలాగే తిరుగుతుంది. వాళ్ళ చేత మాట్లాడించడానికే ఇలింకాను బయటి నుంచి పిలిపించారు.

ఈ పనిలో అందరూ చేసే పొరపాట్లు ఆమె చేయలేదు. మేనేజరును బయటే ఉండమంది. తను తక్కువ మాట్లాడింది. మౌనాన్ని తొందరపడి మాటలతో నింపలేదు. పన్నెండు రంగుల పెన్నుల పెట్టె కొని, ఒకటి తనకుంచుకుని, తలా ఒక రంగు పంచింది. చెయ్యి కదిలితే మనసు కదులుతుందని, ముందు వాటితోనే హాజరుపట్టీలో సంతకాలు చేయించింది. ప్రమాదం ఎందుకు జరిగిందో రాసే చీటీల మీద మాత్రం పేర్లు వద్దంది.

అయినా ఎదురుగా గోడే. చిన్నప్పుడు తల్లి అలిగి, రోజంతా మాట్లాడకుండా గిన్నెలు తోముతుంటే, తన తప్పేమిటో తెలియక ఇలింకా గుమ్మంలో నిలబడేది. ఇప్పుడూ అలాగే నిలబడినట్టుంది.

"సవేతా, మీరైనా చెప్పండి. నేనేం తప్పు చేశాను?"

"అయ్యో, మీరు మంచోరు మేడమ్. పెన్నులు కూడా ఎంత ముచ్చటగా ఉన్నాయో!"

"మరి వాటితో రాయరేం?"

"మా మనవరాలికి దాస్తున్నా."

ఈసారి అందరూ నవ్వారు. ఇలింకా వాళ్ళ వైపు తిరిగింది. "మీకిది ఆటలా ఉందా?"

"ఆట కాదనే కదమ్మా," అన్నాడు ఓనుఫ్రేయి, నవ్వకుండా.

నాలుగు కొట్టేసరికి ఒక్కొక్కరూ ఆమెతో చేతులు కలిపి వెళ్ళిపోయారు. ఓనుఫ్రేయి నల్ల పెన్ను తిరిగి జేబులో పెట్టుకుని, "నిదానంగా చదువు అమ్మాయ్," అని కదిలాడు.

ఆమె చదివింది. 'రంపం మీది మూత తీసేయమంది డైరెక్టరే.' 'మూత ఉంటే పని నెమ్మదిస్తుందన్నాడు.' 'నా కళ్ళముందే తీయించాడు.' పదకొండు చీటీలు. ఒకటే నలుపు, అచ్చులో వేసినట్టు ఒకేలాంటి అక్షరాలు. మాటలు దొరికాయి గానీ, వాటి వెనకున్న మనుషులు దొరకలేదు. రోజంతా ప్రాధేయపడినా తనను ఇంతగా నమ్మకపోవడం ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

చీటీలను కవర్లో పడేసి, వాటి మీద పెట్టడానికి హాజరుపట్టీ అందుకుంది.

పదకొండు సంతకాలు, పదకొండు రంగులు. ఏ రంగు ఎవరిదో చూడగానే తెలిసిపోతుంది.