గాడిదకు యోగ్యతాపత్రం

వెల్లింగ్టన్‌లో చిత్ర వర్గీకరణ అధికారి శ్రీ స్ట్రాహన్ గారు ఒక ఎస్టోనియా బొమ్మల సినిమాను, నిబంధనల ప్రకారం, ఒక్క నిమిషమైనా వదలకుండా వీక్షించారు. అందులో నాయకుడు ఒక గాడిద. దానికి వారి బట్టతల, వారి చుక్కల బో టై, మాటకు ముందు వారు దగ్గే పొడిదగ్గు ఉన్నాయి. అది వంతెన మీద కూర్చొని ఏనుగు దగ్గరా, చీమ దగ్గరా ఒకే సుంకం వసూలు చేస్తుంది.

దరఖాస్తుదారు మెరేనియా బల్లకు ఇవతల కూర్చొని ఉంది. పెద్ద స్టూడియోల చిత్రాలకూ, ఆమె తెప్పించే చిన్న విదేశీ బొమ్మల సినిమాలకూ వర్గీకరణ రుసుము ఒక్కటేనని వారు తేల్చి చెప్పినందున, టికెట్ల రాబడి దానికే చాలక, ఆమె పంపిణీ సంస్థ నిరుడు మూతపడింది.

"ఈ గాడిద నేనే కదూ?"

"అలా అనిపిస్తే నిషేధించండి, స్ట్రాహన్ గారూ. అయితే నిషేధానికి కారణం రాసి అందరికీ తెలిసేలా ప్రకటించాలట. మీ నిబంధనే."

వారు పొడిగా దగ్గారు. సుదీర్ఘంగా ఆలోచించిన పిమ్మట, 'అన్ని వయసులవారూ చూడదగినది' అని ముద్ర వేశారు.

"తృప్తేనా? ఇక ఊరంతా ఆడించుకోండి. ఏ థియేటర్లో వేస్తున్నారు?"

"ఎక్కడా వేయడం లేదండీ."

"మరి అంత రుసుము ఎందుకు కట్టినట్టు?"

"మిమ్మల్ని చివరిదాకా కూర్చోబెట్టడానికి నాకు వేరే దారేముంది? ప్రొజెక్టరు అమ్మి కట్టాను. ఎస్టోనియా మిత్రులచేత ఈ సినిమా గీయించింది ఒకే ఒక్క ప్రేక్షకుడి కోసం. ఆయన చూసేశారు."