తాకితే మాట్లాడే వాక్యం

మంచాన పడ్డ భర్తకు తాను చేస్తున్న సేవ గురించి వదిన రాసిన వ్యాసాన్ని తమ్ముడు తన వెబ్ పత్రికలో పెట్టాడు. పాఠకులు ఏ వాక్యాన్ని తాకినా ‘నిజం’, ‘అబద్ధం’ అని రెండు మాటలు వస్తాయి. ‘నిజం’ నొక్కితే వాక్యం కింద పచ్చగీత, ‘అబద్ధం’ నొక్కితే ఎర్రగీత. సాయంత్రానికి వ్యాసమంతా పచ్చగీతలే.

అది చూపిద్దామని అన్న గదికి వెళ్లి, అతని టాబ్లెట్‌లో ఆ పేజీ తెరిచి చేతికింద పెట్టాడు. పక్షవాతంతో అన్నకు మాట పోయింది. చూపుడువేలు ఒక్కటే కదులుతుంది.

ఆ వేలు మెల్లగా పాకి ‘ఆయనకు ఏ పూటా ఆకలి తెలియనివ్వలేదు’ అన్న వాక్యం మీద ఆగింది. తర్వాత ‘అబద్ధం’ మీదికి జరిగింది. ఎర్రగీత పడింది.

తమ్ముడు అప్పుడు చూశాడు అన్న మణికట్టును. ఎముకకు తోలు అంటుకుపోయి ఉంది.

వంటింట్లో ఫోన్ చూస్తున్న వదిన కేకేసింది. “చూశావా బాబూ! ఎవడో కడుపుమంట కొద్దీ ఎర్రగీత పెట్టాడు. ఎవడో కనుక్కో, కడిగేస్తాను.”

అన్న కళ్లు తమ్ముడి మొహాన్ని వదలడం లేదు.

ఉన్నది చెబితే అన్నను తన ఇంటికి తీసుకెళ్లాలి. ఎత్తడం, కడగడం, తినిపించడం అన్నీ తన నెత్తిన పడతాయి.

“ఎవరో పొరపాటున తాకుంటారు వదినా. తీసేస్తున్నాలే,” అన్నాడు.

ల్యాప్‌టాప్ తెరిచి ఆ గీత చెరిపేశాడు. ఆ తర్వాత, అన్న టాబ్లెట్‌లో మాత్రం ఏ వాక్యాన్ని తాకినా ఏమీ రాకుండా చేశాడు.

అతను చెప్పులు వేసుకుంటున్నప్పుడు కూడా అన్న వేలు ఆ వాక్యాన్ని నొక్కుతూనే ఉంది.