దొంగ రియల్‌గ ఉండాలె

"గుర్రం ఎగిరితే ఎగరనీ, అది ఫాంటసీ. దొంగ మాత్రం రియల్‌గ ఉండాలె," అన్నాడు ఆకాష్.

మిర్యాలగూడలో తండ్రి రైస్‌మిల్లు మీది గదిలో అతను వీడియోగేమ్ చేయిస్తున్నాడు. అతనిచ్చిన కొత్త బొమ్మకు రంగులు వేయబోయిన అఖిల చెయ్యి ఆగిపోయింది. కోట గోడ దూకుతున్న దొంగకు లంబాడీల అద్దాల లంగా, చేతినిండా తెల్ల గాజులు. మొహం తన తల్లిది.

"మా యాడి ఫొటో నీకెక్కడిది సార్?"

"నేనే తీసిన. కింద మిల్లు ఊడుస్తుంటే అడిగిన. నవ్వుకుంట నిలబడ్డది."

"ఈమెను చంపితే?"

"కోట తాళంచెవి దొరుకుతది."

అంతలో మంచినీళ్ల కోసం అఖిల తల్లి జమ్లీ పైకొచ్చింది. తెర చూసి మురిసిపోయింది.

"ఓయమ్మ, నేనే! ఫొటో గిందుకా చిన్న సేటూ? ఆటల నేనేం జేస్త?"

ఆకాష్ తల గోక్కున్నాడు. "నువ్వా... నువ్వు రాణివి జమ్లమ్మా."

"విన్నవా బిడ్డా, రాణినంట!"

ఇన్నాళ్లూ లంబాడీలను దొంగలంటుంటే వీడు తెలియక వాగుతున్నాడనుకుంది అఖిల. కాదు. తెలిసే చేస్తున్నాడు. తెలియకపోతే అబద్ధమెందుకు?

"రాణివి కాదు యాడీ, దొంగవు. నిన్ను చంపినోళ్లకు తాళంచెవి ఇస్తడు."

జమ్లీ నవ్వు ఆగిపోయింది. బొమ్మను కాసేపు చూసి, ఆకాష్ వైపు తిరిగింది.

"రోజూ పొద్దుగూకంగ గేటుకాడ కొంగు దులిపిచ్చి గద ఇంటికి తోలుతరు. ఎన్నడన్న ఒక్క గింజ రాలిందా సేటూ?"