రసమట్టం

ముదస్సిర్ సంచి సర్దుకుంటున్నాడు.

నూనె గుడ్డ, దారపుండ, మరలు తిప్పే చిన్న పనిముట్లు, ఇత్తడి రసమట్టం ఒక్కొక్కటే లోపల పెడుతున్నాడు. నారాయణ పొమ్మని చెప్పి అప్పటికే చాలాసేపయింది.

"బిగించినావు గదా సాయిబూ, ఇంకేంది?"

"బిగించినా అప్పా. కుదరలేదు."

"పొద్దున తొమ్మిదికొచ్చినావు. మూడైతాంది. స్కోపు బిగిస్తాండావా, తాళిబొట్టు చేస్తాండావా?"

వేముల పక్కన నారాయణకు నాలుగెకరాల వేరుశనగ ఉంది. కాయ గట్టిపడే వేళకు అడవిపందులు దిగాయి. మూడు రాత్రుల్లో ఎకరం తవ్విపోశాయి.

కాల్చడానికి అనుమతి దొరికింది గాని, దాని గడువు రేపటితో సరి. ఈలోగా పందులు బెదరకపోతే మిగిలిన చేను కూడా దక్కదు.

నారాయణకు చూపు మందగించింది. అందుకే లైసెన్సు రైఫిలు మీదికి ప్రొద్దుటూరులో స్కోపు కొన్నాడు. గురి చూసే దుర్భిణి అది. బిగించడానికి మనిషిని పంపుతామన్నారు షాపువాళ్లు.

సంచి తగిలించుకుని ఈ ముసలాయన వచ్చాడు.

వచ్చినప్పటి నుంచీ ఒకటే పని. రైఫిలును రెండు ఇసుక మూటల నడుమ పడుకోబెట్టాడు. రసమట్టంలో బుడగ నడిమికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టాడు. ఎదురు గోడకు దారం కట్టి, కొసన రాయి వేలాడదీశాడు. స్కోపులోని నిలువు గీత ఆ దారం మీద సరిగ్గా కూర్చోవాలట. మర బిగిస్తే గీత వాలింది. వదులు చేసి మళ్లీ మొదలు.

నారాయణ భార్య నాగేంద్రమ్మ మజ్జిగ తెచ్చింది.

"ఎంత వాలిందన్నా?"

"వెంట్రుకంత తల్లీ."

నారాయణ నవ్వాడు. "పంది గంగాళమంత ఉంటాది. దానికి వెంట్రుక లెక్కేంది?"

"ఈడ వెంట్రుకే అప్పా. ఆడికి పోయేతలికి మూరెడు. పందికి తగలని గుండు యాడికి పోతాది?"

"యాడికో పోతాది."

ముదస్సిర్ సంచి కింద పెట్టాడు.

"యాడికో అంటే, ఎవురో ఒకరి చేనే గదప్పా."

నాగేంద్రమ్మ మొగుడి వైపు తిరిగింది.

"ఇదో, అయిదు గంటల బస్సు దాకా చూసుకోనీలే. పందులు పొద్దుమునిగినాక గదా వచ్చేది" అంది నాగేంద్రమ్మ.

ఆయన మళ్లీ కూర్చున్నాడు. ఒక మర పావు చుట్టు, దాని ఎదురు మర పావు చుట్టు. ప్రతిసారీ దారం వంక చూపు. ఈసారి గీత కదల్లేదు. మట్టికట్టకు గుడ్డ కట్టి మూడు తూటాలు కాల్పించాడు. మూడూ గుడ్డ మీద అరచేయంత మేరలోనే తగిలాయి.

"ఇంక పో సాయిబూ" అన్నాడు నారాయణ, ఈసారి కాస్త సంతోషంగానే.

"మంచె ఏ దిక్కుకు ఏసినావు?"

"వాగు దిక్కు."

"ఆ పక్క ఎవురుంటారు?"

"చీనీ తోట. కాపలా మొగుడూపెండ్లాం ఉంటారు. శానా దూరంలే."

"మంచె మార్చు. గుట్టకు ఎదురుగా కాల్చు."

"నా చేన్లో మంచె యాడెయ్యాల్నో నువ్వు చెప్పేదేంది? నీ పని స్కోపు. అయిపాయ. నడు!"

ముదస్సిర్ చేలోకి నడిచి, ఒక్కడే మంచె తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. ముసలి భుజం మీద వాసం ఊగుతోంది. చూడలేక, తిట్టుకుంటూనే నారాయణ రెండో కొస పట్టుకున్నాడు.

మంచె లేచేసరికి బస్సు వేళయింది.

"సంగటి చేసినా, ఒక ముద్ద తినిపోన్నా."

"బస్సు పోతాది. పోతానమ్మా."

నాగేంద్రమ్మ అడ్డుపడింది. "పోతా అనగూడదన్నా. పోయొస్తా అనాల."

"నోటి మాటకేముందిలేమ్మా."

రోడ్డు మలుపు తిరిగేదాకా ఆమె చూస్తూనే ఉంది.

మునిమాపున పందులు దిగాయి. మొదటి తూటాకు పెద్దది పడింది. మంద పరుగందుకుంది. రెండో తూటా తప్పింది. గుట్ట మీద ఎర్రమట్టి లేచింది, అంతే. పందులు అడవిలో పడ్డాయి.

మర్నాడు పొద్దున నారాయణ పాత మంచె గుంతల నడుమ నిలబడ్డాడు. పందులు పరుగెత్తిన దారి వైపు వేలు చాపాడు. వేలి కొసన, వాగు అవతల, కాపలా వాళ్ల గుడిసె. దాని ముందు ఆడమనిషి పొయ్యి ఊదుతోంది.

నారాయణ చెయ్యి దించేశాడు.

"సాయిబును పిలిపించాల. కడుపునిండా అన్నం పెట్టి పంపాల" అన్నాడు ఇంటికొచ్చి.

పదకొండింటికి వాకిట్లో బైకు ఆగింది.

"నా పేరు పవన్. స్కోపు షాపు మెకానిక్కును. నిన్న బండి ఎర్రగుంట్ల కాడ చెడిపోయింది, ఏమనుకోవద్దు."

మొగుడూపెళ్లాలు మొహాలు చూసుకున్నారు.

"నిన్న వచ్చిన సాయిబు మీ మనిషి గాదా?"

పవన్ రైఫిలు అందుకుని స్కోపులోంచి చూశాడు. నెమ్మదిగా దించాడు.

"ముదస్సిర్ వచ్చినాడా! ఆయప్ప మెకానిక్కు గాదు, గోడలు కట్టే బేల్దారి. ఏడాది మా షాపు మెట్ల మీద కూచ్చోని చూసి చూసి నేర్చుకున్యాడు. ఎవురు స్కోపు కొన్యా కనుక్కోని, మాకంటే ముందే పోతాడు."

"ఒక్కసారి పిల్చుకరా నాయనా" అంది నాగేంద్రమ్మ.

"రాడమ్మా. కుదిరినాక ఆ ఇంటికి మళ్లా పోడు."

"ఆయనకేం పట్టింది ఇదంతా?" అన్నాడు నారాయణ.

పవన్ రైఫిలును గోడకు ఆనించాడు.

"ముందొకసారి రాజుపాలెం కాడ ఎవురో పంది మీద కాల్చినారు. వంకర స్కోపు. పందికి తగల్లేదు."

ముదస్సిర్ ఒక్కగానొక్క కూతురు రేష్మా, రాజుపాలెం దగ్గర పత్తి ఏరడానికి పోయి, 2019 జనవరి ఇరవై రెండో తేదీ సాయంత్రం ఇంటికి తిరిగి రాలేదు.