మూల గుర్తు

"పెద్దాయనా, మీ పాదం మళ్ళీ లేవనంటోంది."

మానిటరు మీద నుంచి చూపు తిప్పకుండానే అన్నాడు ఇంజనీరు. కాగితం మీద చదునుగా ఉన్న బొమ్మను సాఫ్ట్‌వేర్‌లో తిరగ్గీసి, పైకి లాగి, నిండైన ఆకారంగా నిలబెట్టడం అతని పని. గీతలన్నీ కలిస్తేనే బొమ్మ లేస్తుంది. వెంట్రుకవాసి సందున్నా మొరాయిస్తుంది.

"మడమ దగ్గర గీత కలవలేదేమో చూడు బాబూ," అన్నాడు డ్రాయింగు బల్ల దగ్గర్నుంచి పెద్దాయన.

నిజమే, కలవలేదు. కలపనిది ఇంజనీరే. ఆ ముక్క పైకి చెప్పకుండా గుట్టుగా కలిపేశాడు.

కృత్రిమ పాదాలు తయారుచేసే ఆ ఆఫీసులో ఇంకా పెన్సిలు చెక్కుకుంటూ కూర్చునే మనిషిని చూస్తే అతనికి ఒళ్ళుమంట. పైగా నత్తనడక. ఒక్క అంతస్తు దిగడానికీ లిఫ్టే. అందరూ నిలబడి మాట్లాడుకునే చోట ఈయనొక్కడే కుర్చీ వెతుక్కుంటాడు. కూర్చుని తినడం మరిగిన ఒళ్ళు అనుకునేవాడు ఇంజనీరు. చేరి మూడు నెలలైనా కాలేదు, ఆ బల్ల దండగని మేనేజరు చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు.

మేనేజరమ్మకి విసుగొచ్చింది. "ఈ పాదం రేపు నాలుగింటికి తొడిగి చూస్తాం. సరిపోతే ఆ బల్ల తీయించేస్తా. సరిపోకపోతే మళ్ళీ దాని ఊసెత్తకు."

"పేషెంటెవరు మేడమ్? కాగితం మీద నంబరే ఉంది."

"రేపు చూద్దువుగా."

కాగితం మీద రెండు బొమ్మలున్నాయి. పైన పక్క నుంచి చూసిన పాదం, దాని కింద పాదం వెడల్పు. కింది బొమ్మ ఎడమ పాదంలా కనిపించి అతను ఒక్క క్షణం ఆగాడు. వెంటనే నవ్వుకున్నాడు. కింద గీశారంటే కింద నుంచి చూసిన అరికాలన్నమాట. తిప్పి చూస్తే కుడి పాదం! ఆ మాత్రం తెలియకపోతే చదివిన చదువంతా ఎందుకు?

బూటు కిర్రుమంటుండగా పెద్దాయన మెల్లగా వచ్చి బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఎటునుంచి చూసి గీశానో కాగితం మూలన గుర్తు పెట్టాను. చూశావా?"

"చూశాను, చూశాను."

సరిగ్గా చూడలేదు. ఏదో గ్లాసు బొమ్మ, పక్కన రెండు సున్నాలు. ముసలాయన ముచ్చటపడి వేసుకున్న ముగ్గనుకుని, స్కాన్ చేసేటప్పుడే ఆ మూల కత్తిరించేశాడు.

"ఒకసారి చూపిస్తావా బాబూ?"

"రేపు అందరితో పాటు చూద్దురుగాని. కంప్యూటర్లోనే ఎనభై కిలోల బరువు మోపించాను. ఎక్కడా ఎరుపు లేదు, అంతా పచ్చగా ఉంది."

"అది బరువు చూస్తుంది. మనిషిని చూడదుగా."

"ఆడలేక మద్దెల ఓడని ఊరికే అన్నారా!" అని పకపకా నవ్వాడు ఇంజనీరు.

పెద్దాయన నవ్వలేదు. వచ్చినంత మెల్లగానూ వెనక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు నాలుగయింది. గది మధ్య ఒకే ఒక్క కుర్చీ. 'కుడి పాదం' అని చీటీ అంటించిన పెట్టె పట్టుకుని పెళ్ళికొడుకులా నిలబడ్డాడు ఇంజనీరు. మేనేజరు గోడ గడియారం వంక చూస్తోంది. తలుపు తీసుకుని పెద్దాయన వచ్చాడు, తిన్నగా కుర్చీ వైపు నడిచాడు.

ఇంజనీరుకి చిర్రెత్తుకొచ్చింది. "ఇక్కడ కూడానా? అది పేషెంటు కుర్చీ పెద్దాయనా! ఇవాళ్టికైనా కాస్త మీ కాళ్ళ మీద మీరు నిలబడండి."

"తెలుసు బాబూ."

పెద్దాయన కూర్చుని, తన ఎడమ కాలు ఊడదీశాడు.